మూడో నంబరు పాటదారు

ఉదయం ఏడున్నరకు హెన్నింగ్ ఫోను చూశాడు. నోట్లో ఉన్న రొట్టె ముక్క పూర్తిగా నమలకుండానే ఇళ్ల ఏజెంటు పంపిన సందేశం పైకి చదవడం మొదలుపెట్టాడు.

"సాయంత్రం నాలుగింటికి మా ఆఫీసుకు రండి. గుర్తింపు కార్డులు మరిచిపోవద్దు. ఒప్పందం కాగితాలతో పాటు వేలం పాటదారుల జాబితా కూడా ఇస్తాం, పేర్లతో సహా." చదివి ఫోను బల్ల మీద పెట్టాడు. "విన్నావా దీసా? పేర్లతో సహా అంట."

దీసా కాఫీ కప్పు కింద పెట్టబోయింది. కప్పు సాసరు అంచుకు తగిలి ఒరిగింది. సగం కాఫీ బల్ల మీద పారింది.

"పేర్లు మనకెందుకు?" అంది గుడ్డ కోసం లేస్తూ.

"రూలంట. ఇన్నాళ్లూ ఫోన్లో ఒకటో నంబరు, రెండో నంబరు అనే కదా చూశాం. మనల్ని చివరిదాకా ఏడిపించిన ఆ మూడో నంబరు మహానుభావుడెవరో ఇవాళ తేలిపోతుంది."

అంటూ అతను భార్య మొహంలోకి చూశాడు. తర్వాత లేచి, ఈల వేస్తూ గడ్డం గీసుకోవడానికి పోయాడు. తొమ్మిదేళ్ల కాపురంలో హెన్నింగ్ పొద్దున్నే ఈల వేయగా దీసా ఎప్పుడూ వినలేదు. ఇల్లు కొంటున్న సంబరం కాబోలు అనుకుంది.

మూడో నంబరు ఎవరో దీసాకు తెలుసు. మహానుభావుడు కాదు, ఆడమనిషి. హెన్నింగ్ తోడబుట్టిన అక్క, ఉల్రికా.

మన దీసా చేసిన పొరపాటల్లా ఆ పేరు ఎప్పటికీ నంబరుగానే ఉండిపోతుందనుకోవడం. ఏడాదిలో ఆరిళ్లకు పాట పాడి ఆరూ పోగొట్టుకున్న జంట వాళ్లు. ఓడినవాళ్లకు జాబితా ఎవరూ చూపించరు. గెలిచినవాళ్ల చేతికే ఇస్తారు. వాళ్లు గెలవడం ఇదే మొదటిసారి కాబట్టి ఆ సంగతి ఆమెకు ఇవాళే తెలిసింది. పొరపాటు ఇదైతే, తప్పు వేరే ఉంది. దాన్ని పొరపాటు అనడానికి దీసాకే నోరు రాదు.

రెండు వారాల కిందట, ఇలాంటి గురువారమే. వీళ్లుండే బిల్డింగు కింద నేలమాళిగలో అందరికీ కలిపి ఒక బట్టలుతికే గది ఉంది. వీళ్ల వంతు గురువారం పదకొండు నుంచి రెండు దాకా. విడాకులయ్యాక ఉల్రికా ఇంకొకరి దగ్గర మారు అద్దెకు దిగిన గదుల్లో ఉతికే మిషను లేదు. అందుకని ఆమె కూడా సంచీ మోసుకొచ్చి వీళ్ల వంతులోనే తన బట్టలు వేసుకునేది. ఆడపడుచుతో ఇంత చనువేమిటని దీసా పనిచేసే కళ్లద్దాల షాపులో అందరూ ఆశ్చర్యపోయేవాళ్లు. దీసాకు అక్కచెల్లెళ్లు లేరు. ఉల్రికాయే అక్క, ముద్దుగా ఉల్లా.

పెద్ద దుప్పటి ఒక్కరే మడవడం కుదరదు. చెరో కొసా పట్టుకుని, వెనక్కి వాలి గట్టిగా లాగాలి. ముడతలు పోయాక నడిచి దగ్గరికొచ్చి కొసలు కలపాలి. అలా దగ్గరికొచ్చినప్పుడే ఉల్రికా ఫోను తీసి ఒక ఇల్లు చూపించింది. బూమ్‌హూస్‌లో, ఆ పేటలోని వరుస ఇళ్లలో చివరిది. పసుప్పచ్చ తలుపు, వెనక చిన్న పెరడు, ఒక ఆపిల్ చెట్టు.

"ఆదివారం చూడ్డానికి వెళ్తున్నా," అంది ఉల్రికా. "బ్యాంకువాళ్లు ముప్పై ఒక్క లక్షల క్రోనాల దాకా ఒప్పుకున్నారు. ఆ పైన ఒక్క క్రోనా కూడా నా వల్ల కాదు. హెన్నింగ్‌కు మాత్రం చెప్పకు. వాడికి తెలిస్తే మీ ఇంటికోసం దాచుకున్నదంతా తెచ్చి నా ఒళ్లో పోస్తాడు. మీరెలాగూ సేత్రా వైపు కదా చూస్తున్నారు."

సేత్రా వైపు ఆరూ పోయాక, ఆ వారమే వాళ్లు బూమ్‌హూస్ వైపు చూడటం మొదలుపెట్టారు. అదే పసుప్పచ్చ తలుపు దీసా ఫోన్లోనూ ఉంది. సోమవారం సాయంత్రం చూడ్డానికి పేర్లు కూడా ఇచ్చేశారు. మేమూ ఆ ఇల్లే చూస్తున్నాం ఉల్లా. ఈ ఒక్క మాట చాలు. అప్పుడే నవ్వుకుని, ఎవరో ఒకరు తప్పుకునేవాళ్లు.

దీసా మాత్రం "ఇల్లు బాగుంది," అంది. అని దుప్పటి రెండో కొస అందుకుంది.

ఎందుకలా అందో అడిగితే ఆమె దగ్గర జవాబు లేకపోలేదు. చిన్నప్పుడు వాళ్లమ్మ పదకొండిళ్లు మారింది. పదకొండూ అద్దెవే, పదకొండూ మెట్లెక్కాల్సినవే. తలుపు తీస్తే కాలు నేల మీద పడే ఇల్లు ఒక్కటుంటే చాలని దీసా ఏడేళ్ల వయసు నుంచీ కోరుకుంది. సోమవారం చెప్పుల మీద నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టాక, పెరటి తలుపు తీసి గడ్డి మీద నిలబడింది. ఇది నాది అనుకుంది. అప్పటికి ఉల్రికా జ్ఞాపకం రాలేదా అంటే, వచ్చింది. వచ్చినా అలాగే నిలబడింది.

తర్వాత మూడు రోజులు ఫోన్లో పాట నడిచింది. ఒకటో నంబరు, రెండో నంబరు మొదట్లోనే తప్పుకున్నారు. నాలుగో నంబరు వీళ్లు. మూడో నంబరు మాత్రం వదల్లేదు. గురువారం సాయంత్రానికి పాట ముప్పై లక్షల డెబ్బై ఐదు వేల దగ్గరికొచ్చింది. అక్కడ హెన్నింగ్ ఫోను పక్కన పెట్టేశాడు. ఇక చాలు, మనకంత డబ్బు లేదు, వదిలేద్దాం అన్నాడు. మొగుడు అంత నీరసంగా మాట్లాడటం దీసాకు కొత్త.

అప్పుడే మూడో నంబరు ముప్పై ఒక్క లక్షలు పాడింది.

"ఇంకొక్క మెట్టు, అంతే," అంది దీసా. "మూడో నంబరు ముప్పై ఒకటి దాటదు."

"నీకెలా తెలుసు?"

"అలా అనిపిస్తోంది."

హెన్నింగ్ చాలాసేపు ఆమెను చూసి, ఫోను తీసుకుని, పాతిక వేలు పెంచి నొక్కాడు. మూడో నంబరు నుంచి మళ్లీ చప్పుడు లేదు.

మర్నాడు పొద్దున ఉల్రికా ఫోన్ చేసి ఏడ్చింది. ఎవరో ఒకే ఒక్క మెట్టు పైకెక్కి లాక్కుపోయారట. నా బ్యాంకులో నా పక్కనే కూర్చుని విన్నట్టు, సరిగ్గా అక్కడే తన్నారు అంది. దీసా ఫోను చెవికి ఆనించుకుని, ఇంకో ఇల్లు దొరుకుతుందిలే ఉల్లా, ఆ ఇల్లు నీకు రాసిపెట్టి లేదేమో అని ఓదార్చింది. ఓదార్చాక స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కూర్చుంది.

సంతకాలు వెంటనే జరిగిపోయి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. అమ్మే ముసలాయనకు జ్వరం రావడంతో వారం వెనక్కి పోయాయి. ఈ వారమంతా ఏ ఇల్లు కొన్నారో బయటికి పొక్కలేదు. సంతకం పడేదాకా ఎవరికీ చెప్పొద్దు, అమ్మకు కూడా వద్దు అన్నది హెన్నింగే. ముందే చెప్పుకుంటే పని చెడుతుందని అత్తగారికి నమ్మకం. కొడుక్కీ అదే అబ్బిందనుకుని దీసా ఊపిరి పీల్చుకుంది.

హెన్నింగ్ పనికి వెళ్లాక ఆమె ఏజెంటు అగ్నేటాకు ఫోన్ చేసింది. ఆ జాబితాలో పేర్లు తీసేసి ఇవ్వొచ్చా అని అడిగింది. ఓడినవాళ్లకు బాధగా ఉంటుందేమోనని కారణం కూడా చెప్పింది.

అగ్నేటా అటువైపు నవ్వింది. అలా కుదరదని, కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ పూర్తి జాబితా ఇవ్వక తప్పదని చెప్పింది. ఓడినవాళ్లకు మాత్రం మీ పేరు చెప్పం, భయపడకు అంది. తర్వాత గొంతు కాస్త మార్చింది.

"మనసు గానీ మారిందా దీసా? మారితే ఇప్పుడే చెప్పు. సంతకం పడేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు, పైసా నష్టం లేదు. మీరు తగ్గితే మరుక్షణం మూడో నంబరుకు ఫోన్ చేస్తాను. పాపం, ఆవిడ ఈ వారంలో రెండుసార్లు అడిగింది."

"లేదు లేదు," అంది దీసా. "నాలుగింటికి వస్తాం."

ఫోను పెట్టేశాక తెలిసింది తనకు ఎంత తేలికైన దారి దొరికిందో, ఎంత తొందరగా దాన్ని మూసేసిందో. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పదకొండింటికి ఉల్రికా సంచీ భుజాన వేసుకుని నేలమాళిగలోకి దిగింది. వారం రోజుల్లోనే కళ్ల కింద గుంటలు పడ్డాయి. అయినా మనిషి ఊరికే ఉండదు. వస్తూనే, ఇవాళ రేవు పక్కనున్న కాఫీ మిల్లు వైపు నుంచి గాలి కొడుతోంది, ఊరంతా కాఫీ గింజలు వేయిస్తున్న వాసన, నాలాంటి పేదవాళ్లు ఊపిరి పీల్చుకుని బతికేయొచ్చు అంది. దీసా నవ్వడానికి ప్రయత్నించింది.

మిషన్లు తిరగడం మొదలుపెట్టాక ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. హెన్నింగ్ ఇవాళ సగం రోజు సెలవు పెట్టాడని అమ్మ చెప్పింది, ఏంటి విశేషం అని అడిగింది ఉల్రికా.

"కారు చూడ్డానికి వెళ్తున్నాం," అంది దీసా.

అంత చులాగ్గా అబద్ధం నోట్లోంచి వస్తుందని ఆమె అనుకోలేదు. ఒక్కసారి అలవాటైతే అంతే కాబోలు.

"మంచిదేగా," అని ఉల్రికా ఆమె చేయి నొక్కింది. "ఆ ఇంటి సంతకాలు ఇవాళ సాయంత్రమేనంట," అంది. "ఏజెంటును బతిమాలి తెలుసుకున్నా. కొనేవాళ్లు ఆఖరి నిమిషంలో మానేసిన సందర్భాలు ఉంటాయట. అందుకని ఫోను చేతిలోనే పెట్టుకుని తిరుగుతున్నా. పిచ్చిదాన్లా లేనూ?"

"లేదు."

"ఇంకో ఇల్లు చూసుకోవచ్చు, నువ్వన్నట్టే. కానీ టైము లేదు దీసా. జూన్ ఆఖరుకి ఇప్పుడున్న గదులు ఖాళీ చేయాలి. దొరికిన అద్దె గదులేమో పక్క ఊళ్లో, సాండ్వికెన్‌లో. అక్కణ్ణుంచి విల్యాను రోజూ బడికి ఎలా తీసుకురాను? వాళ్ల నాన్న వద్దనే అంటాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు."

విల్యా ఉల్రికా కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల. విడాకులయ్యాక ఒక వారం అమ్మ దగ్గర, ఒక వారం నాన్న దగ్గర ఉంటోంది. రెండిళ్లూ బడికి నడిచేంత దూరంలో ఉన్నాయి కాబట్టి అలా సాగుతోంది.

"అంటే?" అంది దీసా.

"అంటే నా వారాలు పోతాయి. బడి రోజులన్నీ అక్కడే. నాకు మిగిలేది శనివారాలు, ఆదివారాలు, అవి కూడా వారం విడిచి వారం. సోమవారం వెళ్లి అతనితో ఆ ఒప్పందం కాగితం రాసుకోవాలి." ఉల్రికా మిషను అద్దంలో తిరుగుతున్న బట్టల్ని చూస్తూ చెప్పింది. "దాన్ని ఆ ఇంటికి తీసుకెళ్లకుండా ఉండాల్సింది. పై గదిలో కిటికీ దగ్గర నిలబడి, అమ్మా నా మంచం ఇక్కడ అంది. ఇంటికొచ్చి ఆ పసుప్పచ్చ తలుపు బొమ్మ గీసి ఫ్రిజ్జుకు అంటించింది. ఇంకా తీయలేదు. తీస్తే ఎందుకు తీశావని అడుగుతుంది."

దీసాకు ఇంతవరకూ ఈ వారాల సంగతి తెలీదు. ఇల్లు పోయింది, ఇంకోటి వస్తుంది అనే లెక్కలోనే ఉంది. 

దుప్పట్లు ఆరి బయటికొచ్చాయి. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. ఉల్రికా వెనక్కి వాలి లాగింది. దీసా చేతిలోంచి కొస జారిపోయింది. ఉల్రికా తూలి గోడకు ఆనుకుని, ఏంటే, అన్నం తినలేదా అని నవ్వింది.

"ఉల్లా, నీకొక మాట చెప్పాలి."

"చెప్పు."

ఉల్రికా దుప్పటి పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. ఆ మొహంలో అనుమానమన్నది మచ్చుకైనా లేదు. అదే ఉంటే దీసాకు చెప్పడం తేలికయ్యేది.

"ఈ దుప్పటి అంచు చిరిగింది," అంది దీసా.

"చిరగనీ. మనుషులే చిరుగుతున్నారు," అని ఉల్రికా మడత పూర్తిచేసి, వెళ్లేముందు ఆమెను దగ్గరికి తీసుకుంది. "నీకు చెప్పుకున్నాక కాస్త తేలిగ్గా ఉంది. అమ్మకు చెప్పలేను, వాడికి చెప్పలేను. నువ్వొక్కదానివే."

మూడున్నర దాటాక ఏజెంటు ఆఫీసుకు కారులో పన్నెండు నిమిషాల ప్రయాణం. హెన్నింగ్ మంచి చొక్కా వేసుకున్నాడు. ఇప్పుడు చెప్పేస్తాను అని దీసా మొదటి సిగ్నల్ దగ్గర అనుకుంది. వంతెన దగ్గర అనుకుంది. కారు ఆపాక, అతను తాళం తీస్తుంటే కూడా అనుకుంది.  పొద్దున వేసిన ఈల ఎక్కడికి పోయిందో తెలీదు.

ఆఫీసులో ముసలాయన ముందే వచ్చి కూర్చున్నాడు. పేరు రూనె. జ్వరం తగ్గి బుగ్గలు పీక్కుపోయాయి. టోపీ మోకాలి మీద పెట్టుకుని, ఆపిల్ చెట్టుకు చలికాలం పోతుండగానే కొమ్మలు కత్తిరించాలి, మరిచిపోతే కాయలు గుత్తులు గుత్తులుగా, చిన్నవి కాస్తాయి అని మొదలుపెట్టాడు. తన భార్య ఆ కాయలతో చేసే జామ్ గురించి చెప్పాడు. తర్వాత ఆవిడ పోయిందన్న సంగతి జ్ఞాపకం వచ్చినట్టు ఆగిపోయాడు.

అగ్నేటా ఒప్పందం ఒక్కో పేరా చదివింది. ఇంటి చూరు, పైపులు, జూలై ఒకటిన తాళాలు. దీసా చెవుల్లోకి ఏదీ వెళ్లలేదు. ఆమె చూపంతా ఫైలు అడుగున, బోర్లించి ఉన్న ఒక్క కాగితం మీదే ఉంది. హెన్నింగ్ ముందు దాన్నే అడుగుతాడు. పేరు చూస్తాడు. తర్వాత తన వైపు చూస్తాడు. ఆ చూపు దాకా వచ్చి ఆమె ఆలోచన ఆగిపోయేది.

రూనె సంతకం చేశాడు. అగ్నేటా కాగితాలు ఇటు తిప్పి పెన్ను హెన్నింగ్ ముందు పెట్టింది. అడుగున ఉన్న కాగితం తీసి, దాన్ని కూడా అతని ముందే పెట్టింది.

"ఇదిగో జాబితా. కావాలంటే సంతకానికి ముందే చూసుకోవచ్చు."

హెన్నింగ్ ఆ కాగితం అందుకున్నాడు. తిరగేయలేదు. చూడకుండానే రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

దీసా అది చూసింది. వారం పైగా మూడో నంబరు, మూడో నంబరు అని ఇల్లు హోరెత్తించిన మనిషి. పొద్దున పేర్లతో సహా అని రొట్టె నమలకుండా చదివిన మనిషి.

"చూడవా?" అంది.

"అక్కర్లేదు."

"హెన్నింగ్."

అతను పెన్ను పట్టుకుని కాగితం వైపే చూస్తున్నాడు. అతని మెడ వెనక ఎర్రగా కందింది. చిన్నపిల్లాడిగా తప్పు చేసినప్పుడు కూడా వాడికి మెడ వెనకే ఎర్రబడేదని ఉల్రికా ఒకసారి చెప్పింది. దీసాకు అది ఇప్పుడు గుర్తొచ్చింది.

"మాకో ఐదు నిమిషాలు కావాలి," అని ఆమె లేచింది.

పక్కనే కాఫీ కాచుకునే చిన్న గది. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. బల్ల మీద పళ్లెంలో దాల్చినచెక్క బన్నులు, వాటి మీద పంచదార పలుకులు. ఇల్లు కొన్నవాళ్ల కోసం తెచ్చినవి. హెన్నింగ్ తలుపు దగ్గరికి వేశాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అంది దీసా.

"పోయిన వారం బుధవారం. విల్యాను ఈతకు తీసుకెళ్లాను కదా. తడి జుట్టుతో కారులో కూర్చుని చెప్పింది. మామయ్యా, మాకు పసుప్పచ్చ తలుపు ఇల్లు రాబోతోంది, అమ్మ ఎవరికీ చెప్పొద్దంది అని."

బుధవారం. ఆఖరి పాట గురువారం.

"తెలిసి కూడా పాడావా?"

"ఆగుదామన్నాను. ముప్పై లక్షల డెబ్బై ఐదు వేల దగ్గర వదిలేద్దామన్నాను."

"డబ్బు లేదన్నావు. అక్క పాడుతోందని అనలేదు."

"అనలేదు." అతను బన్నుల పళ్లెం వైపు చూశాడు. "అప్పుడు నువ్వు ముప్పై ఒకటి దాటదన్నావు. ఆ అంకె నీకు ఎక్కడిదో ఆ క్షణమే అర్థమైంది. ఇద్దరూ కలిసి దుప్పట్లు మడిచేది నాకు తెలీదా? అక్క నీకే చెప్పి ఉంటుందని తెలుసు. నువ్వు ఆ మాట పైకి అంటావేమో అని చూశాను. అంటే మానేద్దామని. నువ్వు అనలేదు. అయినా నొక్కాను. నొక్కిన వేలు నాదే దీసా."

"మరి ఈ వారమంతా ఆ వేళాకోళం దేనికి? మహానుభావుడు, మహానుభావుడు అని."

"నువ్వు చెప్తావని."

"పొద్దున కూడా?"

"పొద్దున కూడా. నీ కప్పు ఒరిగి కాఫీ ఒలికింది. ఇప్పుడు చెప్తుంది అనుకున్నా. నువ్వు గుడ్డ తెచ్చి తుడిచావు."

దీసాకు కోపం రావాల్సింది. తన నేరం చూస్తూ కూర్చున్న మనిషి మీద ఎవరికైనా కోపం వస్తుంది. రాలేదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరు చెప్తారని ఒకరు కాచుకుని, వారం రోజులు ఆ ఇంటిని గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఎవరూ చెప్పకపోతే ఇల్లు దక్కుతుంది. ఇద్దరికీ అదే కావాలి. ఈ మాట పైకి అనడానికి ఇద్దరికీ సిగ్గు.

"నీకు ఆ ఇల్లు ఎంత ఇష్టమో చూశాను," అన్నాడు హెన్నింగ్ మెల్లగా. "ఆ రోజు గడ్డి మీద అలా నిలబడ్డావు. అక్క బలంగల మనిషి, ఎలాగో నెట్టుకొస్తుందిలే అనుకున్నా. ఇల్లు ఈసారి కాకపోతే ఇంకోసారి అని."

"ఇంకోసారి లేదు," అంది దీసా.

అని వారాల సంగతి చెప్పింది. సాండ్వికెన్ గురించి, బడి గురించి, సోమవారం రాసుకోబోయే కాగితం గురించి, ఫ్రిజ్జు మీద బొమ్మ గురించి చెప్పింది. ఉల్రికా ఫోను చేతిలో పెట్టుకుని తిరుగుతోందని చెప్పింది.  చివరికి హెన్నింగ్ బల్ల అంచు పట్టుకుని వంగి నిలబడ్డాడు.

"ఇది నాకు తెలీదు," అన్నాడు. "ఒట్టు, ఇది తెలీదు."

"నాకు మాత్రం పదకొండున్నరకు తెలిసింది. ఇప్పుడు నాలుగున్నర. ఈ ఐదు గంటలూ నేనేం చేశానో అడుగు."



తలుపుకున్న అద్దంలోంచి అవతలి గది కనిపిస్తోంది. రూనె టోపీ పెట్టుకుని, మళ్లీ తీసి, మోకాలి మీద పెట్టుకున్నాడు. ఒప్పందం మీద అతని సంతకం ఒక్కటే ఉంది. కింద రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి. ఆ రెండూ నిండితే పసుప్పచ్చ తలుపు వీళ్లది. వీళ్లు బయటికి వెళ్లి వద్దు అంటే, అగ్నేటా వేసే మొదటి నంబరు ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

"నువ్వు చెప్పు," అన్నాడు హెన్నింగ్.

"నువ్వు చెప్పు."

ఇద్దరూ మళ్లీ ఊరుకున్నారు. ఈ ఊరుకోవడం వల్లనే ఇక్కడిదాకా వచ్చామని తెలిసి కూడా ఊరుకున్నారు.

దీసా కోటు జేబులో ఫోను మోగింది. తీసి చూసింది. పేరు హెన్నింగ్‌కు కూడా కనిపించింది. మోగనీ అన్నట్టు అతను చెయ్యి ఎత్తి, సగంలో దించేశాడు. దీసా ఎత్తింది.

"పనిలో ఉన్నావా?" అంది ఉల్రికా. ముక్కు పట్టేసిన గొంతు. "ఒక్క నిమిషం మాట్లాడు చాలు. నాలుగున్నర దాటింది. ఏజెంటు ఫోను రాలేదు. ఇక రాదులే. సంతకాలు అయిపోయుంటాయి, ఇప్పుడు వాళ్లు కాఫీ తాగుతుంటారు."

దీసా బన్నుల పళ్లెం వైపు చూసింది.

"వాళ్ల మీద నాకు కోపం లేదు, తెలుసా," అంది ఉల్రికా. "వాళ్లకూ పిల్లలుంటారేమో. ఆ పై గది మంచిది, పొద్దున ఎండ వస్తుంది. సరే, నా గోల వదిలేయ్. నీ సంగతి చెప్పు. కారు కుదిరిందా? వాడికి చెప్పు, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పాలి."

గది చిన్నది. ఆ మాటలన్నీ హెన్నింగ్‌కు వినిపించాయి. కారేమిటన్నట్టు అతను దీసా వైపు చూశాడు. తర్వాత అర్థమై, కళ్లు దించుకున్నాడు.

"కారు కాదు ఉల్లా," అంది దీసా.

"మరి?" అంది ఉల్రికా.